మీట లేని తుపాకి

కిందటి వారం మనం హజీరాను వంటింట్లో, చల్లారిన పొయ్యి ముందు వదిలి వచ్చాం. పొయ్యిలో బూడిద, ఆమె కళ్ళలో నీళ్ళు. మొగుణ్ణి కాపాడగలిగిన రుజువును తన చేతులతో తానే తగలబెట్టుకున్న ఆడదాని కష్టం పగవాళ్ళకు కూడా వద్దు.

కథలోకి ఈ వారమే అడుగుపెట్టిన వాళ్ళకు నాలుగు మాటలు. చిలకలగూడలో, రైల్వే స్టేషనుకు పోయే దారిలో బాషా ఫోటో స్టూడియో ఉంది. పెట్టింది నెల్లూరు నుంచి వచ్చిన నాగూర్ బాషా. ఆయన పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు అల్లుడు నబీ కెమెరా చూసుకుంటాడు. కూతురు హజీరా లోపలి గదిలో కూర్చుని ఫోటో నెగటివు పడిన అద్దం పలకల మీద పెన్సిలుతో ముఖాలు దిద్దుతుంది. కిందటేడు మన సికింద్రాబాదు కుర్రాళ్ళకు ఒక పిచ్చి పట్టింది. రజాకారు డ్రెస్సు తొడుక్కుని, చేత తుపాకి పట్టుకుని ఫోటో దిగాలి! రజాకార్లంటే హడలి చచ్చేవాళ్ళు కూడా ఆ వేషంలో తమను తాము ఒక్కసారి చూసుకోవాలని ముచ్చటపడ్డారు. మనిషి బుద్ధి అట్లాంటిది, ఏం చేస్తాం.

నబీ బేరం పోనిస్తాడా? ఒక ఖాకీ చొక్కా కుట్టించాడు. లావు వాడికీ సన్న వాడికీ పట్టాలని దాని వీపు నిలువునా చీల్చి నాడాలు పెట్టించాడు. వడ్రంగి భద్రయ్య చేత ఒక చెక్క తుపాకి చేయించాడు. మొన్న సెప్టెంబరులో యూనియన్ మిలిటరీ వచ్చి, అయిదు రోజుల్లో నిజాం ఫౌజు లొంగిపోయింది. ఇంట్లో ఈ సరంజామా ఉంటే ప్రాణం మీదికి వస్తుందని హజీరా రెండింటినీ పొయ్యిలో పెట్టింది. వారం తిరక్కుండానే పోలీసులు వచ్చి, నబీ రజాకారు డ్రెస్సులో ఉన్న ఫోటో ఒకటి తమకు దొరికిందని అతణ్ణి పట్టుకుపోయారు. తొమ్మిది రోజులకు మళ్ళీ వచ్చారు. "అది స్టూడియో చొక్కా సార్, వీపు చీల్చి ఉంటది" అని హజీరా కాళ్ళావేళ్ళా పడితే సబిన్‌స్పెక్టరు జ్ఞానశేఖర్ అడిగినది ఒక్కటే మాట.

"ఏదీ, చూపించు."

చూపించడానికి బూడిద ఉంది.

"రేపు మధ్యాహ్నం వస్తా. సాయంత్రం బండికి పట్టుబడినోళ్ళనందర్నీ పెద్దజైలుకు పంపిస్తన్నాం. ఈలోగా రుజువేదన్నా ఉంటే తీసిపెట్టు" అని చెప్పి వెళ్ళాడు. అక్కడ ఆగింది కథ.

ఆ రేపు తెల్లవారింది.

హజీరా నమాజు చేసి లేస్తుండగా ఒక మాట గుర్తుకొచ్చి చాప మీద మళ్ళీ కూలబడింది. తుపాకి కాలిపోయింది గానీ, తుపాకి ఫోటోలు కాలలేదు! ఆ చొక్కా తొడుక్కుని దిగినవాళ్ళందరి అద్దం పలకలూ పాత చీరల పెట్టెలో భద్రంగా ఉన్నాయి. అందరి చేతుల్లోనూ ఉన్నది ఆ ఒక్క చెక్క తుపాకే. అది చెక్కదని తేల్చడం కూడా కష్టమేం కాదు. ఎందుకంటే భద్రయ్య మహానుభావుడు దానికి మీట పెట్టడం మరిచిపోయాడు. మరిచిపోవడం ఏమిటిలెండి, ఆ మనిషి జన్మలో తుపాకి ముట్టుకుంటే కదా! గొట్టం చెక్కాడు, మడమ చెక్కాడు, వేలు పెట్టి నొక్కే చోట మాత్రం మొద్దు చెక్క అట్లాగే వదిలేశాడు. మొదట ఫోటో దిగినవాడు ప్రింటు చూసి "ఇది తుపాకా, పప్పుగుత్తా?" అని గోల చేశాడు. అప్పుడు నబీ పలక తెచ్చి హజీరా ముందు పెట్టాడు. "నువ్వే జెర ఏమన్న చెయ్యి."

ఆమె చేసింది. మొద్దు చెక్క ఉన్న చోట సన్న పెన్సిలుతో గుండ్రంగా నింపి, నడుమ వంకీలాంటి సందు వదిలింది. పెన్సిలు పడ్డ మేర ప్రింటులో తెల్లబడింది, వదిలిన సందు నల్లగా మీటై కూర్చుంది. ఆ తరువాత వచ్చిన ప్రతి పలకకూ ఆమె చేతి మీటే. పెన్సిలు గీత కాబట్టి టర్పెంటైన్‌లో ముంచిన దూదితో తుడిస్తే పోతుంది. అసలు తుపాకి మీట దూదికి పోదు కదా! ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

గబగబా వెళ్ళి పెట్టె తీసింది. కాగితాల్లో చుట్టిన పలకలు పద్దెనిమిది ఉన్నాయి. ఒకటి నబీది. కాగితం మీద పేరు చూసి, విప్పితే ఏడుపు ఆగదని అట్లాగే పక్కన పెట్టింది. మిగతా పదిహేడూ ఒక్కొక్కటే కిటికీ వెలుగుకు ఎత్తి చూసింది.

నెగటివులో మనుషులు తిరగబడి ఉంటారు. నల్ల జుట్టు తెల్లగా, తెల్ల కళ్ళు నల్లగా కనిపిస్తాయి. కొత్తవాళ్ళకు దయ్యాల్లా తోస్తాయి గానీ హజీరాకు ప్రతి ముఖమూ తెలుసు. ఇడ్లీలమ్మే దేవానందం కొడుకు, మసీదు పక్క గడియారాలు బాగుచేసే షంషీర్, ఎదురింటి కాంతమణి తమ్ముడు. వీళ్ళ మొటిమలు, మశూచి గుంటలు, కళ్ళ కింది నలుపు, అన్నీ ఈ చేతుల్తో దిద్దింది. మనిషి ముఖాన్ని అంత దగ్గరగా, అంతసేపు కన్నతల్లి కూడా చూడదు. గంటసేపు చూసేసరికి ఎంత అనాకారి ముఖంలోనైనా ఏదో ఒక అందం బయటపడేది. కింది పెదవి దగ్గరో, చెవి తమ్మె దగ్గరో. ఆ అందాన్ని పెట్టినవాడు ఒకడున్నాడని హజీరాకు నమ్మకం కుదిరింది ఈ బల్ల ముందే. అరబ్బీలో వల్లించిన ప్రార్థనలు ఆమెకు నోటికి వచ్చేవి గానీ మనసుకు ఎక్కేవి కావు. నాగూర్ బాషాకూ అంతే. ఉర్దూ రాదని ఇక్కడివాళ్ళు ఎగతాళి చేస్తుంటే ఆయన ఒక మౌల్వీ ఇంటికి ఏళ్ళ తరబడి తిరిగి, ఒక్కో ప్రార్థనకూ అర్థం అడిగి, చక్కటి తెలుగు అక్షరాల్లో నోటుబుక్కు నిండా రాసుకున్నాడు. హజీరా అక్షరాలు దిద్దుకున్నది ఆ నోటుబుక్కులోనే. పగలు ముఖాలు చూసేది, పొద్దు వాలాక నాన్న రాత చదివేది. రెండూ కలిసి ఆమెకు దేవుడయ్యాయి.

ఆ నోటుబుక్కు చివరి పేజీలో ప్రార్థన ఏదీ లేదు. బాషా సొంత మాటలు ఉన్నాయి: "మన దగ్గర ముఖం పెట్టిపోయినవాడు దాన్ని మనకు అమానత్ ఇచ్చినట్టే. దాచి పెట్టమని ఇచ్చిన సొమ్ము ఎట్టాగో ఇదీ అట్టాగే. వాడు అడిగితే వాడికే ఇవ్వాల. ఇంకెవరు అడిగినా ఇవ్వబాకమ్మా."

ఈ మాట ఇప్పుడు గుర్తుకు రావాలా? వచ్చింది. వెలుగుకు ఎత్తిన పలకను కిందికి దించింది.

ఈ పదిహేడు పలకలూ పోలీసుల ముందు పరిస్తే నబీ బయటపడతాడు. మరి ఈ పదిహేడు మంది? తుపాకి చెక్కదని సబిన్‌స్పెక్టరు నమ్మినా వీధి నమ్ముతుందా? ఊళ్ళో అప్పుడు గాలి అట్లా ఉంది. నిన్నటిదాకా రజాకార్ల చేతిలో ఏడ్చినవాళ్ళ కళ్ళలో నిప్పులున్నాయి. ఫలానా వాడు ఆ డ్రెస్సు వేశాడంటే చాలు, ఎందుకు వేశాడని అడిగేవాడు లేడు. నేరేడ్‌మెట్ దగ్గర ఒకణ్ణి ఒట్టి టోపీ చూసి కొట్టారట. బతికాడో లేదో తెలియదు.

వెనక తలుపు చప్పుడైంది. హజీరా ఉలిక్కిపడి పలకల మీద కొంగు కప్పింది.

"నేనే బిడ్డా" అంటూ పక్కింటి శ్యామలమ్మ లోపలికి వచ్చింది. ఎప్పుడూ వాకిట్లో నుంచే గొంతెత్తి పిలిచే మనిషి, ఇవాళ పిల్లిలా వచ్చి తలుపు గడియ పెట్టింది. "హజీరా, మావోని పలక ఉన్నదా నీతాన?"

"ఏ పలక శ్యామలక్కా?"

"నాతోని గిట్ల మాట్లాడకు. నీకు ఎరుకే. మా మధుసూదన్‌ది."

ఉంది. అన్నింటికన్నా పైన ఉంది. శ్యామలమ్మ పెనిమిటి సోమయ్య కాంగ్రెసు మనిషి. జెండా పట్టుకున్నందుకు ఎనిమిది నెలలు నిజాం జైల్లో ఉండి, ఒళ్ళంతా దెబ్బలతో మొన్ననే ఇంటికి వచ్చాడు. ఆయన లోపల తన్నులు తింటున్న రోజుల్లోనే, ఇక్కడ కొడుకు స్నేహితులతో పందెం కాసి, ఆయన్ను కొట్టించిన వాళ్ళ డ్రెస్సు తొడుక్కుని నవ్వుతూ ఫోటో దిగాడు. పద్దెనిమిదేళ్ళ వెధవ. తండ్రికి తెలియదు.

"ఇచ్చెయ్యి బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత" అంది శ్యామలమ్మ. "మీ అన్నకు తెలిస్తే ఆయన పానం ఉండది. బయటోళ్ళకు తెలిస్తే పోరని పానం ఉండది. ఇయ్యాల్ల ఆ పోలీసాయన మల్ల వస్తడంట గదా. నువ్వు ఏం చూపిస్తవో అని పొద్దుగాల్నించి పొయ్యి సుత ముట్టియ్యలే."

హజీరా కొంగు తీసి పై పలకను చూసింది. ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే భయం వేసింది. అందర్నీ చూపించే పని లేదు. ఈ ఒక్క పలక చాలు. కాంగ్రెసు సోమయ్య కొడుకు ఈ డ్రెస్సులో ఉన్నాడంటే, అది వేషం కాదనే దమ్ము ఎవరికుంది? సబిన్‌స్పెక్టరు అక్కడికక్కడే నబీని వదిలేస్తాడు.

శ్యామలమ్మ ఆమె ముఖం చూసి ఆ ఆలోచనను చదివేసింది. ఇరవై ఏళ్ళ ఇరుగుపొరుగు, ఆ మాత్రం తెలియదా? నేల మీద కూర్చుండిపోయింది. "నీ మొగడు రావాలె హజీరా. నేను వద్దంటలేను. నబీ సుత నా తమ్ముని లెక్క. గని నాకు ఒక్కడే కొడుకు" అని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

పక్కనే స్టేషన్లో బండి కూత వేసింది. సాయంత్రం బండికి అన్నాడు. ఒక్కసారి ఆ బండి ఎక్కినవాడు ఎప్పుడు దిగుతాడో, అసలు దిగుతాడో లేదో ఎవరికి తెలుసు? హజీరా మధుసూదన్ పలకను ముఖాలు దిద్దే టచింగ్ బల్ల మీద పెట్టింది. ఏటవాలుగా ఉండే ఆ బల్ల నడుమ కిటికీ లాంటి సందు ఉంటుంది, కింద అమర్చిన అద్దం వెలుగును పైకి కొడుతుంది. ఆ వెలుగులో మధుసూదన్ నవ్వుతున్నాడు. ఈ ముఖం మీద మొటిమలు దిద్దడానికి ఆమెకు ఒక పూట పట్టింది.

సొరుగులోంచి సన్నటి కత్తి తీసింది. పలక మీది మందు పొరలో నల్ల చుక్కలు పడితే గీకడానికి వాడే కత్తి అది. మొదటిరోజు దాన్ని చేతికిస్తూ బాషా ఏమన్నాడంటే, "మచ్చ తియ్యి. మనిషిని తియ్యబాక."

"అబ్బాజాన్, మాఫ్ చెయ్యి" అని గొణిగి, హజీరా మనిషిని తియ్యడం మొదలుపెట్టింది.

కళ్ళు పోయాయి. ముక్కు, నవ్వు, గడ్డం కింది సొట్ట పోయాయి. పొర లేచి నల్లటి పొడి రాలింది. మెడ పైన ఒట్టి గాజు మిగిలింది. కింద చొక్కా, చేతులు, చేతుల్లో తుపాకి అట్లాగే ఉన్నాయి.

"ఏం చేస్తున్నవే!" శ్యామలమ్మ లేచి వచ్చి బల్ల మీదికి వంగింది. చూసి, అర్థమై, ఆ పొడిని చేత్తో తడిమింది. "వానికి మిగిలిన ఫోటో ఇదొక్కటే గదనే" అంది. కాపాడమని వచ్చిన మనిషే, కాపాడాక ఏడ్చింది. తల్లి కదా.

"మల్ల తీస్త అక్కా. మంచి బట్టల్ల, నీ పక్కన నిలబెట్టి తీస్త" అంది హజీరా. ఇంకో పలక అందుకుంది.

పదిహేడు ముఖాలు. మధ్యాహ్నం అజాన్ వినిపించే వేళకు ఆఖరిది అయిపోయింది. చెయ్యి కొంకర్లు పోయింది, చూపుడు వేలు తెగి రక్తం కారుతోంది. ఒక్కో ముఖాన్ని గీకేముందు ఆ మనిషి పేరు చెప్పుకుని దువా చేసింది. ఎవరూ నేర్పలేదు, ఏ పుస్తకంలోనూ లేదు. చెయ్యాలనిపించింది, చేసింది. నబీ ముఖం గీకే పని లేదు. అది పోలీసుల దగ్గర ఎట్లాగూ ఉంది.

జీపు వచ్చి స్టూడియో ముందు ఆగింది.

సబిన్‌స్పెక్టరు జ్ఞానశేఖర్ మద్రాసు పోలీసు. యూనియన్ మిలిటరీ వెంట వచ్చినవాడు. నల్లటి, బొద్దు మనిషి. వెంట కానిస్టేబులు పేతురు. శ్యామలమ్మ వెనక గుమ్మంలో నిలబడిపోయింది, ఇంటికి పోవడానికి కాళ్ళు రాలేదు.

"ఏమ్మా, ఏందో చూపిస్తానంటివే?"

హజీరా తల నిండా కొంగు కప్పుకుని, పలకలున్న బల్ల వైపు చెయ్యి చూపింది. జ్ఞానశేఖర్ ఒక పలక తీసి వెలుగుకు పెట్టాడు. ఇంకోటి తీశాడు. మూడోది తీసేసరికి ముఖం ఎర్రబడింది.

"తలకాయలేవి?"

"నేనే గీకేసిన సార్."

"సాక్ష్యం చెరిపేస్తే ఏమవుతుందో తెలుసునా? మొగుడి పక్క గదిలో నిన్నూ కూర్చోబెట్టగలను. ఎవురు వీళ్ళంతా? పేర్లు చెప్పు!"

ఆ అరుపుకు గుమ్మంలో శ్యామలమ్మ తలుపు పట్టుకుంది. హజీరాకు గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చింది.

"చెప్ప సార్. వాళ్ళు నన్ను నమ్మి ముఖం పెట్టి పోయిండ్రు, అది నాతాన అమానత్. మీకు కావల్సింది ముఖాలు కాదు గదా, తుపాకి. అది చెరపలేదు. మీరే చూడుండ్రి."

దూది ముక్కను టర్పెంటైన్‌లో ముంచి, పై పలక మీద తుపాకి ఉన్న చోట మెల్లగా రుద్దింది. పెన్సిలు నలుపు దూదికి అంటుకుంది. "ఇగ చూడుండ్రి సార్, దీనికి మీట లేదు. నేను గీసిన మీట ఇగో దూదికి వచ్చింది. ఆడున్నది ఒట్టి మొద్దు చెక్క. వడ్రంగాయన పెట్టుడు మరిచిండు, నేను పెన్సిల్‌తో పెట్టిన."

జ్ఞానశేఖర్ పలకను లాక్కుని చూశాడు. "ఇంకోటి" అన్నాడు. తుడిచింది. మీట పోయింది. ఆయన నమ్మలేక కట్టలోంచి అడుగున ఉన్నదాన్ని లాగి, దూది తానే తీసుకుని తుడిచాడు. అదీ పోయింది. పేతురు ఉండబట్టలేక కిసుక్కుమన్నాడు. "అయ్యగారూ, పెన్సిలు తుపాకులండీ! మనం దీనికా లారీలేసుకుని తిరిగింది!"

"నోర్ముయ్" అన్నాడు జ్ఞానశేఖర్. అన్నాడే గానీ ఆయన పెదవి చివర కూడా నవ్వు కదిలింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నీకీ పని ఎవురు నేర్పించారమ్మా?"

"మా అబ్బాజాన్ సార్. నెల్లూరాయన."

"నెల్లూరా! మాది కావలి గదమ్మా!" ఆయన గొంతు మెత్తబడింది. "ఇంత తెలివి పెట్టుకుని నిన్న అట్టా ఏడస్తా కూర్చున్నావే. సరే, భయపడబాక. మీ ఆయన పలక తియ్యి. నా దగ్గరున్న ప్రింటు నాలుగు మడతలు పెట్టింది, మడత సరిగ్గా తుపాకి మీదే చిరిగింది. అందుకే ఏమీ తెలీలా. దాంట్లో గూడా మీట పోయిందంటే ఇక్కడే కాయితం రాసి వదిలేస్తా."

భయపడబాక. ఆ మాట అచ్చం బాషా నోటి నుంచి వచ్చినట్టే వినిపించింది. పది రోజుల తరువాత మొదటిసారి హజీరా గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. గుమ్మంలో శ్యామలమ్మ రెండు చేతులూ ఎత్తి ఏ దేవుడికో దండం పెట్టింది. పేతురు కలం మూత తీసి పట్టుకున్నాడు.

హజీరా నబీ పలక మీది కాగితం విప్పింది. కొత్త దూది తీసుకుని టర్పెంటైన్‌లో ముంచి తుడిచింది.

మీట పోలేదు.

సరిగా తడవలేదేమో అనుకుని మళ్ళీ ముంచి తుడిచింది. దూది తెల్లగానే ఉంది. వేలితో గట్టిగా రుద్దింది. తెగిన వేలి రక్తం గాజుకు అంటింది. దాన్నీ తుడిచింది. మీట అక్కడే ఉంది. మీట చుట్టూ ఇనుప వలయం ఉంది, దాని కింద ఒక తోలు పట్టీ కూడా వేలాడుతోంది. భద్రయ్య తుపాకికి పట్టీ ఎక్కడిది?

అప్పుడు ఆమె నబీ ముఖం చూసింది. ఎడమ కనుబొమ మీద చిన్నప్పటి గాటు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. నబీ ఫోటో ఏది తన బల్ల మీదికి వచ్చినా ఆమె మొదట దిద్దేది ఆ గాటునే. ఈ పలక మీద ఎక్కడా పెన్సిలు ముట్టలేదు. అంటే ఇది ఆమె బల్ల మీదికి రానేలేదు. వెనక వేలాడుతున్న తెర తమ స్టూడియోదే. మెట్లు, పూలకుండీ, అన్నీ తమవే. ఆమె ఇంట్లో లేని పూట, ఆమెకు చెప్పకుండా, ఎవరో తీశారు. నబీ చేతిలో నిజం తుపాకి పెట్టి తీశారు.

జ్ఞానశేఖర్ లేచి వచ్చి ఆమె భుజం మీదుగా చూశాడు. పోలీసువాడికి తుపాకి గురించి ఒకరు చెప్పాలా? చాలాసేపు చూసి, పేతురు చేతిలోంచి కలం తీసుకుని మూత పెట్టేశాడు.

"ఇది చెక్కది కాదు గదమ్మా" అన్నాడు. ఈసారి అరవలేదు. అరిచినా బాగుండేది. "ఎవురిదీ తుపాకి?"

"నాకు తెల్వదు సార్."

"నిజం చెప్పు."

"నా కండ్లతోడు, తెల్వదు సార్." ఆమె విప్పిన కాగితం అందుకుంది. "నేను ఆయన్ని అడగాలె. నన్ను గూడ తీస్కపోండ్రి. నేనే అడుగుత."

శ్యామలమ్మ ముందుకు వచ్చి "వద్దు హజీరా, ఆడదానివి, ఠాణాకు పోతవా?" అని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి విడిపించుకుని హజీరా పలకను కాగితంలో చుట్టి రెండు చేతులా పట్టుకుంది. పేతురు తీసుకోబోతే ఇవ్వలేదు.

"పొరపాటున పలిగితే?" అన్నాడు జ్ఞానశేఖర్ ఆమెను తేరిపార చూస్తూ. "నీకు మంచిదే గదా అది పలిగితే."

"పలగనియ్య సార్."

ఎందుకో మరి, ఆయన ఆ మాటను నమ్మాడు.

జీపు కదిలింది. చిలకలగూడ వీధిలో తలుపుల సందుల్లోంచి కళ్ళు చూస్తున్నాయి. ప్రతి గుంతకూ ఒళ్ళోని పలక ఎగిరిపడుతోంది. చేతులు రెండూ ఒక్క క్షణం వదిలితే చాలు. గాజు, ఎంతలోకి పగులుతుంది? పగిలితే పోలీసుల దగ్గర మిగిలేది మడతల్లో చిరిగిన ప్రింటొక్కటే. పదిహేడు పలకలు చూసి సగం కరిగిన ఈ కావలాయన నబీని వదిలెయ్యనూ వచ్చు. వదిలేస్తాడు. నబీ ఇంటికి వస్తాడు. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తింటాడు. ఆ ముఖాన్ని ఆమె రోజూ చూడాలి.

వేరేవాళ్ళ ముఖాలను అమానత్ అన్న మనిషి, తన మొగుడి ముఖం దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకుంటే దాన్ని ఏమంటారు? "అల్లా, ఈయన చేతుల ఎవరి రక్తం లేకుండ చూడు" అని పెదవులు కదిలిస్తూ పలకను పొట్టకు అదుముకుంది. రైల్వే స్టేషను ముందు జీపు ఒక పెద్ద గుంతలో పడి లేచింది. పేతురు తల కప్పుకు కొట్టుకుంది. పలక పగలలేదు.

ఠాణా వసారాలో ఎండ పడుతోంది. ఊచల వెనక పది పన్నెండు మంది నేల మీద కూర్చుని ఉన్నారు. గడ్డాలు మాసి, పెదవులు ఎండి, అందరూ ఒకేలా ఉన్నారు. హజీరా కళ్ళు వెతుక్కున్నాయి. మూలన ఉన్నాడు. ఎడమ కనుబొమ మీద గాటు. పది రోజుల్లో సగమైపోయాడు. అడగాల్సింది ఒక్కసారిగా మరిచిపోయి, "తిన్నవా?" అందామనుకుంది. చేతిలోని పలక గుర్తొచ్చి ఆగింది.

జ్ఞానశేఖర్ ఆమె పక్కనే, ఒక్క అడుగు వెనక నిలబడ్డాడు.

హజీరా కాగితం విప్పి పలకను ఎండకు ఎత్తి పట్టుకుంది. నబీ లేచి ఊచల దగ్గరికి పరుగున వచ్చాడు. ఆమె ముఖం చూడలేదు. ఆమె తెగిన వేలు చూడలేదు. ఆ గాజు పలకను చూశాడు. చూస్తుండగానే అతని ముఖంలో రక్తం ఇంకిపోయింది. వెనక ఎవరున్నారో కూడా చూసుకోకుండా, గొంతు తగ్గించి అన్నాడు:

"దాన్ని ఇంకా పలగ్గొట్టలేదా, హజీరా?"